ఇడ్లీలు పెట్టించిన పెద్దమనిషి

తార్నాకలో నన్ను ఎవరైనా కొత్తవాళ్ళకు పరిచయం చేయాల్సి వస్తే, "ఎనర్జీ డ్రింక్ తాగి పడిపోయిన పిల్లను కాపాడిన సిస్టర్ ఈమే" అంటారు. ఇందులో రెండు అబద్ధాలున్నాయి. ఆ పిల్ల ఎనర్జీ డ్రింక్ తాగలేదు. నేను కాపాడలేదు. నేను నర్సునన్నది ఒక్కటే నిజం. ఈ మాట అక్కడికక్కడే చెప్తే, "మీరు ఊరికే తగ్గించుకుంటారు మేడం" అని నవ్వుతారు. తగ్గించుకునే రకం కాదు నేను. నాతో పనిచేసిన ఎవరినైనా అడగండి, అవసరమైన దానికంటే నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడతానని చెప్తారు.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముఖ్యంగా ఇప్పుడిప్పుడే డ్యూటీల్లో చేరుతున్న ఆడపిల్లల కోసం. మీ పేరు మీద కూడా రేపు ఎవరో ఒకరు ఇట్లాంటి కథ అల్లుతారు. అందులో మీరొక్కరే మిగిలి, మీ పక్కన నిలబడ్డవాళ్ళంతా మాయమైపోతారు. అట్లా మాయమైనవాళ్ళను నా వరకు నేను వెనక్కి తెచ్చుకోవాలి.

మాది కర్నూలు వైపు. పెళ్ళయి హైదరాబాదు వచ్చి, యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో స్టాఫ్ నర్సుగా చేరాను. మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే చేసి, సర్వీసు ఇంకా మిగిలుండగానే విరమణ తీసుకున్నాను. మా హెల్త్ సెంటర్ అంటే పెద్ద ఆసుపత్రి అనుకోకండి. కొన్ని మంచాలు, ఒక డ్యూటీ డాక్టరు, ఒక అంబులెన్సు, గోడ నిండా పోస్టర్లు. జ్వరాలు, కాలు బెణకడాలు, పరీక్షల ముందు కడుపునొప్పులు. ఆ పై స్థాయి జబ్బు ఏదొచ్చినా పెద్దాసుపత్రికి పంపడమే మా వైద్యం.

నేను చేరిన కొత్తలో తల్లిదండ్రులు హాస్టలుకు వస్తే పచ్చడి సీసాతో పాటు ఒక టానిక్కు సీసా కూడా తెచ్చేవాళ్ళు. ఎర్రగా, తియ్యగా, ఇనుము వాసనతో ఉండేది. పిల్లలు దాన్ని కిటికీలో పెట్టి మరిచిపోయేవాళ్ళు. తర్వాత్తర్వాత ఎనర్జీ డ్రింకుల సన్నపాటి రేకు డబ్బాలొచ్చాయి. గ్రూప్స్ పరీక్షల నోటిఫికేషన్ పడిందంటే చాలు, రీడింగు రూములో పుస్తకాల పక్కన పుస్తకాలన్ని డబ్బాలు. విద్యానగర్‌లో అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లలైతే అన్నం మానేసి అవే తాగేవాళ్ళు.

ఇది క్యాంపస్‌లో ఒక వైపు. రెండో వైపు పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషులు. గేటు పక్కన బౌద్ధనగర్ నుంచి వచ్చే ఒకామె బండి పెట్టుకునేది. కుళాయిలున్న స్టీలు క్యాన్లు వరసగా ఉండేవి. కాకరకాయ, ఉసిరికాయ, తిప్పతీగ, గోధుమ గడ్డి, సొరకాయ. అన్నీ రసాలే. వాకింగ్ బూట్లు వేసుకున్న ప్రతివాళ్ళకూ చేతిలో ఒక చిన్న గ్లాసు. ఒక వైపు నిద్ర రాకుండా ఉండటానికి తాగేవాళ్ళు, మరో వైపు నూరేళ్ళు బతకడానికి తాగేవాళ్ళు. మధ్యలో మంచినీళ్ళు తాగేది నేనొక్కదాన్నేమో అనిపించేది.

నా పోరాటమంతా డబ్బాల మీదే. పోస్టరు రాసి అతికించింది నేనే. క్యాంటీన్లో అమ్మొద్దని అధికారుల గదుల్లోకి వెళ్ళి వాదించింది నేనే. వాళ్ళు తల ఊపి టీ తెప్పించేవాళ్ళు. రసాల బండి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కూరగాయలే కదా.

డబ్బాల విషయంలో నాకు ఇంట్లోనే శత్రువు ఉండేవాడు. మా అంబులెన్సు డ్రైవరు. వారాసిగూడ మనిషి. రోజూ డ్యూటీ ఎక్కే ముందు ఒక డబ్బా తాగితేగానీ స్టీరింగు పట్టుకోడు.

"ఏమయ్యా, గుండె ఆగిపోతే నిన్ను తీసుకెళ్ళే అంబులెన్సు ఎవరు నడపాల?" అనేదాన్ని.

"మీరు దినానికి నాలుగు చాయ్‌లు తాగుతరు. నేనేమన్న అంటున్ననా మేడం?"

"చాయ్ మా అమ్మ కూడా తాగింది."

"మీ అమ్మగారు అంబులెన్స్ నడిపిన్రా? ట్రాఫిక్‌ల నడుపుమనుండ్రి, గామె గూడ డబ్బా తాగుతది."

ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ ఇదే సంభాషణ. ఎవరూ గెలిచింది లేదు.

ఇక నడక పెద్దమనుషుల్లో ఒక బృందం గురించి చెప్పాలి. దాని పెద్ద రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు. మంచి మనిషి, గొంతు పెద్దది. ఆయనతో పాటు ఒక అరడజను మంది. అందులో పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన ఒకాయన అందరికీ లోకువ. ఈ బృందానికి ఒక ఆచారం ఉండేది. చేదు రసం ఏదైనా సరే, ముఖం చిట్లించకుండా తాగాలి. ఎవరి ముఖం చిట్లితే వాళ్ళు ఆ పూట అందరికీ పక్క బండి మీద ఇడ్లీలు పెట్టించాలి. ఎంత చేదుగా ఉంటే అంత మంచిదని వాళ్ళ సిద్ధాంతం. కాకరకాయ రసాన్ని మామిడిపండు రసంలాగా చప్పరిస్తూ తాగి, ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకునేవాళ్ళు. సూపరింటెండెంటు గారే ఎక్కువసార్లు దొరికిపోయేవాడు. ఆయన ముఖం ఆయన మాట వినేది కాదు.

అదే దారిలో ఆ ఏడాది ఒక అమ్మాయి పరుగెత్తేది. నల్లగొండ వైపు రైతుల పిల్ల. పీజీ చేస్తూ ఎస్సై ఉద్యోగానికి తయారవుతోంది. రాతపరీక్ష సంగతి తర్వాత, ముందు పరుగు పందెం గట్టెక్కాలి. దాన్ని పిల్లలు ఈవెంట్స్ అంటారు. ఆ పిల్ల ఆ పరుగులో కొద్దిలో వెనకబడుతోందని, ఆ కొద్దిని ఎట్లాగైనా కోసేయాలని రోజూ చీకటితో లేచి వచ్చేది. బూట్లు కొరికి బొబ్బలొస్తే కట్టు కట్టించుకోవడానికి మా దగ్గరికి వచ్చేది. అట్లా పరిచయం.

"డబ్బాలు తాగుతున్నావా?" అని అడిగాను ఒకసారి.

"ఎప్పుడన్న ఒకటి మేడం. పెద్ద సార్లు రోజు జ్యూస్ ఇప్పిస్తున్నరు. గదే మంచిదంట."

"అదైతే సరే" అన్నాను. మన పోలీసమ్మ అని ఆ పెద్దలంతా ఆమెను ముద్దు చేసేవాళ్ళు. ఆమె పరుగు ముగించి వచ్చేసరికి ఒక గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్ళు. ఎవరి పిల్లో అయినా తమ పిల్లే అనుకునే మంచితనం వాళ్ళది. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఈవెంట్స్ ఇంకో వారం ఉందనగా, ఒక పొద్దున ఆమెను ఇద్దరు తోటి పరుగుపిల్లలు చెరోవైపు భుజం పట్టి మోసుకొచ్చారు. చొక్కా మీద వాంతి. పెదవులు తెల్లగా ఉన్నాయి. కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది. చేయి పట్టుకుంటే నాడి పరుగెత్తుతోంది. చేయి వదిలీ వదలకముందే మళ్ళీ వాంతి.

ఆ రోజు డ్యూటీ డాక్టరు కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన కుర్రవాడు. కరీంనగర్ పిల్లాడు. నెమ్మదస్తుడు. ఎక్కువ మాట్లాడడు. నేను మాట్లాడేది ఇద్దరికీ సరిపోయేది.

"ఏం తిన్నది పొద్దున?" అని తోటి పిల్లల్ని అడిగాడు.

"తెల్వదు సార్. ఈమె బ్యాగుల ఇది ఉన్నది" అని ఒకమ్మాయి బ్యాగు లోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

అంతే. గదిలో ఉన్న అందరి కళ్ళూ గోడ మీదున్న నా పోస్టరు వైపు తిరిగాయి. డాక్టరు పల్స్ చూశాడు, బీపీ చూశాడు. "కెఫీన్ ఎక్కువైనట్టుంది సిస్టర్. గుండె దడ అందుకే. ఖాళీ కడుపు మీద తాగి పరుగెత్తింది. ఓఆర్ఎస్ పట్టండి, అబ్జర్వేషన్‌లో పెడదాం. సాయంత్రానికి సర్దుకుంటది" అన్నాడు. కుర్రవాడి లెక్క తప్పు కాదు. ఎదురుగా ఉన్నదాన్ని బట్టి ఎవరైనా అదే అంటారు. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లల్లో ఒకరు అప్పుడే ఫోను తీసి మెసేజీ కొట్టేశారు. క్యాంపస్‌లో ఎనర్జీ డ్రింక్ తాగి అమ్మాయి పరిస్థితి విషమం అని. ఈ రోజుకీ తిరుగుతున్న కథ ఆ మెసేజీయే. మేము సెలైను సూది కూడా గుచ్చకముందే అది బర్కత్‌పుర దాటి ఉంటుంది.

పిల్ల మాత్రం తల అడ్డంగా ఊపుతూ ఏదో చెప్పబోతోంది. చెప్పబోయినప్పుడల్లా వాంతి అడ్డొస్తోంది. ఓఆర్ఎస్ పడితే పట్టింది పట్టినట్టే బయటికొస్తోంది. బీపీ మళ్ళీ చూశాను. ఇందాకటి కంటే తక్కువ.

అప్పుడు వెనక నుంచి 'టస్' అని చప్పుడు వినబడింది.

అందరం తిరిగి చూశాం. మా డ్రైవరు. బల్ల మీది డబ్బా మూత తీసి నోటి దగ్గర పెట్టుకుని, మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఏందట్ల చూస్తరు? పొద్దుగాల నుంచి నాకింక డబ్బా పడలె. పేషంటుకెట్లాగు ఇయ్యరు గద."

"ఒరే నాయనా" అని నేను అందుకోబోయాను. డాక్టరు చేయి అడ్డం పెట్టాడు. డ్రైవరు చేతిలోంచి డబ్బా తీసుకుని పైకెత్తి చూశాడు. అంచు దాకా నిండుగా ఉంది. నురగ ఇంకా పొంగుతోంది. ఇంతసేపూ మేము దోషిగా నిలబెట్టిన డబ్బా సీలు కూడా తీయనిది. గదిలో ఇంతమంది చదువుకున్నవాళ్ళం ఉన్నాం. దాన్ని చేతిలోకి తీసుకున్నది తాగాలనిపించిన ఒక్కడే.

"తాగలె సార్" అంది పిల్ల మంచం మీద నుంచి. ఈసారి మాట పూర్తయింది. "జ్యూస్ తాగిన. సార్లు ఇచ్చిన్రు."

నా దగ్గర ప్రొఫెసరు గారి నంబరు ఉంది. వెంటనే చేశాను. చాలాసేపటికి ఎత్తాడు. గొంతులో ఎప్పటి గాంభీర్యం లేదు.

"ఏం సార్, ఎట్లున్నారు?"

"బాగానే ఉన్నానమ్మా. పొద్దున్నుంచి కొంచెం వాంతులు, విరేచనాలు. మంచిదే. లోపల పేరుకున్న మలినాలన్నీ బయటికి వస్తున్నాయి. మా వాళ్ళందరికీ అట్లాగే ఉందట. రసం బాగా పనిచేసింది."

నా సర్వీసులో విన్న మాటలన్నిటిలో ఇంతటి మాట ఇంకొకటి లేదు. ఆరుగురు పెద్దమనుషులు ఎవరి ఇళ్ళలో వాళ్ళు బాత్‌రూముల్లో కూర్చుని, ఒకరికొకరు ఫోన్లు చేసుకుని అభినందించుకుంటున్నారు.

"అందరికీనా సార్?"

"అందరికీ. ఆ సూపరింటెండెంటుకే ఏమీ కాలేదట. అతని ఒంట్లో ఏదో లోపం ఉండాలి."

అప్పుడు నాకు తట్టింది అడిగాను. పెద్ద తెలివేం కాదు. వాళ్ళ ఆచారం రోజూ చూసేదాన్ని కాబట్టి నోటికొచ్చింది. "ఈ రోజు ఇడ్లీలు ఎవరు పెట్టించారు సార్?"

"అతనే."

ఇడ్లీలు అందరూ తిన్నారు. పెట్టించినవాడికి మాత్రం ఏమీ కాలేదు. అంటే ముఖం చిట్లించినవాడొక్కడే బాగున్నాడు. సూపరింటెండెంటు గారికి ఫోను చేశాను. డాక్టరు స్పీకరు నొక్కమని సైగ చేశాడు.

"నాకేమైతది సిస్టర్, మంచిగనే ఉన్న. పేపర్ చదువుతున్న."

"పొద్దున జ్యూస్ తాగలేదా మీరు?"

"తాగుడేంది, నోట్ల పోసుకోంగనే ఉమ్మేసిన. గది చేదా? నాలిక మొద్దువారింది. ఇప్పటికి చాయ్ రుచి తెలుస్తలేదు. అందరు నవ్విన్రు. ఇడ్లీలు నాకు పడ్డయి. ఎప్పటి లెక్కనే."

"కాకరకాయేనా?"

"కాకరకాయైతే నేను ఉమ్మేస్తనా? సొరకాయ."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఫోను దగ్గరికి వంగి అడిగాడు. "సొరకాయేనా సార్? పక్కా సొరకాయనేనా?"

"సొరకాయనే. ఎవరు మీరు?"

"మిగతావాళ్ళు పూర్తిగా తాగిండ్రా?"

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "ఒక గుక్క తాగిన్రు. రెండో గుక్కకు ఎవనికి ధైర్యం వస్తలేదు. మొకం చిట్లిస్తే ఇడ్లీలు. గంతల పోలీసమ్మ వచ్చింది. నీకు బలం గావాలె బిడ్డా అని అందరు తలా ఇంత ఆ పిల్ల గ్లాసుల పోసిన్రు. ఆశీర్వాదం లెక్క."

మంచం మీద పిల్ల మళ్ళీ వాంతి చేసుకుంది. ఈసారి ఎర్రగా పడింది.

ఇక్కడి నుంచి జరిగినదంతా ఆ కుర్ర డాక్టరు చేసిందే. అందుకే ఈ భాగం మీరు జాగ్రత్తగా చదవాలి. అతను తలుపు దగ్గర మూగిన పిల్లలందరికీ వినబడేలా అన్నాడు. "నేను పొరపాటు పడ్డాను. ఇది డబ్బా వల్ల కాదు. సొరకాయ చేదెక్కితే విషం. గుండె దడ కెఫీన్ వల్ల కాదు, ఒంట్లో నీరు పోయి బీపీ పడిపోతోంది. దీనికి విరుగుడు మందు లేదు. నీళ్ళెక్కించి బీపీ నిలబెట్టుకోవాలి. మన దగ్గర అయ్యే పని కాదు. సిస్టర్, రెండు చేతులకూ లైన్లు పెట్టండి." హౌస్‌సర్జన్‌గా చేసే రోజుల్లో ఇట్లాంటి కేసు ఒకటి చూశాడట. ఆ మాట నాకు తర్వాత చెప్పాడు.

ఎంతోమంది డాక్టర్ల కింద పనిచేశాను. తెలివైనవాళ్ళు, హస్తవాసి ఉన్నవాళ్ళు, పుస్తకం మొత్తం అప్పజెప్పేవాళ్ళు. తన నోటితో అన్న మాటను అదే గదిలో, అదే మనుషుల ముందు, ఎవరూ నిలదీయకముందే వెనక్కి తీసుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది లేరు. అతను పరువు చూసుకుని ఒక గంట ఆగి ఉంటే నేనీ కథ రాసేదాన్ని కాదు.

నేను లైన్లు పెడుతూనే ప్రొఫెసరు గారికి మళ్ళీ ఫోను చేయించాను. పిల్ల సంగతి, సొరకాయ సంగతి చెప్పి అందరినీ వెంటనే ఆసుపత్రికి పంపాలి కదా.

"సిస్టర్, మీరు కంగారు పడుతున్నారు. మూలికలకు, కూరగాయలకు సైడ్ ఎఫెక్టులుండవు" అన్నాడు.

"సార్, మీరు బతుకంతా చెప్పింది కెమిస్ట్రీ. సొరకాయలో ఉండదా కెమిస్ట్రీ?"

"ఆ అమ్మాయి ఎట్లా ఉంది?" అన్నాడాయన.

"మీ వాటా కూడా తాగింది కదా సార్. మీకంటే బాగా లేదు."

నా నోరు అంతే. ఆ క్షణంలో అట్లా అనాలో లేదో నాకిప్పటికీ తేల్చుకోవాలని లేదు. ఆయన మాత్రం ఫోను పెట్టేసి, తక్కినవాళ్ళందరికీ తానే ఫోన్లు చేసి ఆసుపత్రులకు పంపించాడు. తానూ వెళ్ళాడు.

మేము పిల్లను స్ట్రెచర్ మీదికి చేరుస్తుంటే రసాల బండి ఆమె రొప్పుతూ వచ్చింది. సంచిలో, పిండగా మిగిలిన రెండు సొరకాయలు తెచ్చింది. ఎవరో చెప్పారట. పరుగుపిల్లలు ఆమె మీదికి దూకబోయారు. డాక్టరు అడ్డం నిలబడి, "చేదని తెలిసి ఎందుకమ్మా పిండినవ్?" అని అడిగాడు.

ఆమె తెలియదని అనవచ్చు. అంటే ఎవరూ కాదనలేరు. అనలేదు.

"తెలుసు సారు. కోసేటప్పుడే వాసన పట్టిన. పోయినసారి గిట్లనే చేదు కాయ వస్తె పారేసి మంచిది తెచ్చిన. సార్లు కోపం జేసిన్రు. నీళ్ళు కలిపినవ్, చేదే లేదు, ఇదేం మందు అన్నరు. చేదుంటెనే గిరాకీ సారు. అందుకనే ఈపారి పారెయ్యలె."

ఒక కాయ ఆయన చేతికిచ్చింది. "ఇగో, ఇదే కాయ. పెద్దాసుపత్రిల చూపియ్యుండ్రి. పిల్ల బతికితే చాలు, బండి పోతే పోయింది." డాక్టరు కాయ గాటు మీద నాలుక కొస తగిలించి వెంటనే ఉమ్మాడు. ఆ తర్వాత ఇంకెవరికీ సందేహం లేదు. ఆమె మాట వల్ల పెద్దాసుపత్రిలో మాకు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కునే పని తప్పింది. కాజువాలిటీకి డాక్టరు ఫోనులో ఏం చెప్పాడో, మేము చేరేసరికి వాళ్ళు దానికే సిద్ధంగా ఉన్నారు.

అంబులెన్సులో పిల్ల పక్కన నేను కూర్చున్నాను. సెలైను తనంతట తాను దిగే వేగం చాలదు. రెండు చేతులతో సంచిని పిండుతూ కూర్చున్నాను, బట్టలు పిండినట్టు. ఒకటయ్యాక ఇంకొకటి. తార్నాక చౌరస్తాలో బండ్లన్నీ అడ్డదిడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. డ్రైవరు సగం ఒళ్ళు బయటపెట్టి అరుస్తున్నాడు. "అరే భాయ్, జర పక్కకు జరుగు. లోపల పోలీసమ్మ ఉన్నది." పోలీసు అనేసరికి కొందరు నిజంగానే జరిగారు.

పిల్ల కళ్ళు తెరిచి నా కొంగు పట్టుకుంది.

"మేడం, ఈవెంట్స్‌కు ఉరుకుతనా?"

బీపీ యంత్రం చూపే అంకె చూస్తే బతుకుతుందో లేదో చెప్పలేని స్థితి. ఆ పిల్ల అడుగుతున్నది పరుగు గురించి.

"ఉరుకుతావు. ఇప్పుడు మాత్రం కదలకుండా పడుకో" అన్నాను.

"అబద్ధం చెప్తున్నరు."

"నేను చెప్పిన అబద్ధాలన్నీ నిజమవుతాయి. నీకు తెలీదు, ఆ డ్రైవరు నడుగు."

"నిజమే పోలీసమ్మా" అన్నాడు ముందు నుంచి. "నాకు గుండె ఆగిపోతదని అన్నరు. గదొక్కటి తప్ప అన్ని నిజమైనయి." పిల్ల నవ్వబోయి కడుపు పట్టుకుంది. ఆ రోజు వాడు బండి నడిపిన తీరుకు, నోటిదాకా వచ్చి పోయిన ఆ డబ్బా మీది కసి కారణమో, వాడి గుండె కారణమో నాకు తెలియదు. చేరవలసిన సమయానికి చేర్చాడు.

ఐసీయూలో కొన్నాళ్ళు ఉండి పిల్ల బతికింది. ఈవెంట్స్ నాటికి ఆమె చేతికి ఇంకా సెలైను సూదే ఉంది. ఆ ఏడు ఉద్యోగం ఆమె చేయి దాటిపోయింది. నా అబద్ధం అప్పటికి నిజం కాలేదు.

వార్డుకు మార్చాక ప్రొఫెసరు గారు వచ్చాడు. మనిషి నీరసంగా, గొంతు చిన్నగా. మంచం పక్కన నిలబడి, "మాకు తాగబుద్ధి కానిది నీకు పోశామమ్మా" అన్నాడు. అంతకుమించి సంజాయిషీ చెప్పుకోలేదు. బృందం వాట్సాప్‌లో కూడా అదే మాట రాశాడు, తప్పు డబ్బాది కాదు, మనది అని. ఆ వయసులో, ఆ హోదాలో అట్లా రాయడం తేలిక కాదు. ఆయన మీద నా నోటికి ఆ రోజుతో పని లేకుండా పోయింది. ఆచారం కూడా మారింది. ఇప్పుడు ఇడ్లీలు వంతులవారీగా పెట్టిస్తున్నారు. సూపరింటెండెంటు గారికి రుచి చూసే ఉద్యోగం ఇచ్చారు. ఏది కొత్తగా వచ్చినా ముందు ఆయన ముఖం చూసి తర్వాత గ్లాసు ఎత్తుతారు. సర్వీసులో లేని గౌరవం ఆయనకు ముఖం తెచ్చిపెట్టింది.

కానీ మొదటి మెసేజీ వెళ్ళినంత దూరం ఆ రెండో మెసేజీ వెళ్ళలేదు. కొద్దిరోజులకే క్యాంటీన్లలో ఎనర్జీ డ్రింకులు అమ్మరాదని నోటీసు అంటించారు. నేను ఇన్నేళ్ళుగా అడిగింది అదే. ఆ నోటీసు పట్టుకుని అధికారి గదిలోకి వెళ్ళి పోట్లాడాను.

"సార్, ఆ డబ్బా మూతే తీయలేదు. తప్పు దానిది కాదు."

"మేడం, డబ్బాలు ఆపమని మీరే కదా అడిగేది. ఆపాం. ఇంకా గొడవెందుకు?"

"చెడ్డ డబ్బానైనా చేయని నేరానికి శిక్షించకూడదు సార్. రేపు ఇంకెవరికో చేదు సొరకాయ పడితే డాక్టరు మళ్ళీ డబ్బా కోసమే వెతుకుతాడు. దాని గురించి నోటీసులో ఒక్క ముక్క రాయండి."

ఆయన టీ తెప్పించాడు. ముక్క రాయలేదు. మా డాక్టరు తెల్ల కాగితం మీద తన చేత్తో రాసి హెల్త్ సెంటర్ గోడకు, నా పోస్టరు పక్కనే అంటించాడు. సొరకాయ చేదుగా ఉంటే ఉమ్మేయండి అని. రసాల బండి ఆమె బండి తీసేయాలని కొందరన్నారు. తీయకుండా అడ్డుపడింది ఆ ప్రొఫెసరు గారే. ఆమె ఇప్పుడు రాగి జావ అమ్ముతోంది. నేను వెళ్తే డబ్బులు తీసుకోదు. నేను ఇవ్వకుండా రాను. అక్కడ కూడా వాదనే.

నేను విరమణ తీసుకున్న రోజు డ్రైవరు రిబ్బను కట్టి ఒక డబ్బా ఇచ్చాడు. "తాగుండ్రి మేడం, ఒక్కసారన్న." అది ఇప్పటికీ మా ఫ్రిజ్‌లో తలుపు వైపు నిలబడి ఉంది. తాగను. పారేయను. కుర్ర డాక్టరు పై చదువుకు వెళ్ళిపోయాడు. పండగలకు మెసేజీ పెడతాడు. నేను పెద్ద జవాబు రాస్తాను, అతను ఒక నమస్కారం బొమ్మ పంపుతాడు. మాటల వాటా మా మధ్య ఎప్పుడూ అంతే.

మొన్నీమధ్య తార్నాక సిగ్నల్ దగ్గర నా స్కూటీని ఒక పోలీసు ఆపింది. హెల్మెట్ తలకు ఉంది, బెల్టు పెట్టుకోలేదని. నేను నా అలవాటు ప్రకారం వాదన మొదలుపెట్టాను.

"మీరు చెప్పిన అబద్ధాలన్ని నిజమైతయన్నరు గద మేడం" అంది.

అప్పుడు ముఖం చూశాను. తర్వాతి నోటిఫికేషన్‌లో పరుగెత్తిందట. ఎస్సై కాలేదు, కానిస్టేబుల్ అయింది. ఎస్సైకి మళ్ళీ చదువుతోందట. నడిరోడ్డు మీద ఆమె చేతులు పట్టుకుని నిలబడ్డాను. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే ఆమె ఒక్క చూపు చూసింది, అవి ఆగిపోయాయి. నా అబద్ధం ఆలస్యంగా నిజమైంది.

ఇన్నాళ్ళూ నాలో ఉండిపోయిన మాట అప్పుడడిగాను. మా ఇంట్లో, ప్రొఫెసరు గారింట్లో, నల్లగొండలో వాళ్ళమ్మ ఇంట్లో, ఎవరింట్లోనైనా సొరకాయ తరిగే ముందు ఒక ముక్క కొరికి చూస్తాం. చేదైతే కాయ మొత్తం పారేస్తాం. ఆ పిల్లా చిన్నప్పటి నుంచి అదే చూసింది. తోటలో పెరిగింది.

ఆమె నవ్వి, నా హెల్మెట్ బెల్టు తానే బిగించి, "పోండ్రి మేడం, ట్రాఫిక్ ఆగుతున్నది" అంది.

చదివే పిల్లలూ, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మొదటి గుక్కకే అది పారేసే కాయ అని తెలిసిన పిల్ల, పెద్దవాళ్ళు ప్రేమగా పోశారన్నంత మాత్రాన రెండో గుక్క ఎందుకు తాగింది?